పాల చీటీలో లేని లెక్క

గొల్లపల్లి మండలంలోనైనా, కోరుట్ల చుట్టుపక్కలైనా, సిరిసిల్ల వైపైనా పాల కేంద్రంలో రైతు పోసిన పాలకు ధర కట్టేవి రెండే అంకెలు. ఒకటి వెన్న శాతం, రెండోది ఎస్ఎన్ఎఫ్, అంటే వెన్న పోను మిగిలిన ఘనపదార్థాల శాతం. మిషన్ కాసిని పాలు పీల్చుకుంటుంది, నిమిషం తిరక్కముందే చీటీ వస్తుంది. ఆ పాలలో యూరియా ఎంత ఉందో మాత్రం చీటీ చెప్పదు. అది తెలియాలంటే నమూనా డెయిరీ ప్రయోగశాలకు పోవాలి. కేసు దాకా వెళ్ళే వ్యవహారమైతే హైదరాబాద్ నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాలకు పోవాలి. 2006 నాటి ఆహార భద్రతా చట్టం అక్కడి విశ్లేషకుడికి ఇచ్చిన గడువు 14 రోజులు. ఆలోపు ఆ పాలు పెరుగై, మజ్జిగై, ఎవరో తాగేసి ఉంటారు.

పొద్దున పోసిన పాలను పొద్దున్నే, క్యాను దగ్గరే కొలిచి యూరియా ఎంతో చెప్పే పరికరం సాధ్యమేనా? సాధ్యమేనని శాస్త్రం 1969 నుంచి చెబుతూనే ఉంది. యూరియేజ్ అనే ఎంజైమును ఎలక్ట్రోడు మీద నిలిపి యూరియా కొలిచే పద్ధతికి అంత వయసుంది. దాని మీద పరిశోధన పత్రాలు కుప్పలుగా వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. పల్లె పాల కేంద్రానికి మాత్రం ఆ పరికరం చేరలేదు. ఎందుకు చేరలేదన్నదే ఇక్కడ చూడదలచింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ సెన్సర్‌ను ఇన్నాళ్ళూ కల్తీదారును పట్టుకునే సాధనంగానే ఊహించుకున్నాం. కల్తీదారును పట్టడానికి ఇంత నాజూకు పరికరం అక్కర్లేదు. దాని అవసరం నిజంగా ఉన్నది బర్రెకు మేత వేసే రైతుకు.

యూరియా అనగానే సంచీ గుర్తొస్తుంది గాని, పాలలో అది సహజంగానే ఉంటుంది. ఆవైనా బర్రైనా తిన్న మాంసకృత్తుల్లో చాలా భాగం మొదటి పొట్టలో ఉండే సూక్ష్మజీవుల వల్ల అమోనియాగా విరిగిపోతుంది. ఆ జీవులు తమ పెరుగుదలకు వాడుకోగా మిగిలిన అమోనియా రక్తంలోకి దిగుతుంది. అమోనియా విషం కనుక కాలేయం దాన్ని యూరియాగా మార్చేస్తుంది. మూత్రపిండాలు చాలావరకు బయటికి పంపుతాయి. యూరియా అణువు చిన్నది, నీళ్ళలో ఇట్టే కరిగేది. అందుకే రక్తంలో ఎంత ఉంటే పొదుగులోని పాలలోనూ దాదాపు అంతే కనిపిస్తుంది. మామూలు పాలలో లీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా ఉండటం సహజం. పీపీఎం, అంటే పది లక్షల వంతుల లెక్కలో చెప్పినా దాదాపు అదే అంకె. దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన గరిష్ఠ పరిమితి 700 పీపీఎం. యూరియా బొత్తిగా లేని పాలు ఏ పశువూ ఇవ్వదు, కాబట్టి 'యూరియా ఉందా' అనే పరీక్షకు ఎప్పుడూ 'ఉంది' అనే జవాబే రావాలి. 'ఎంత' అని అడిగితేనే ఉపయోగం.

ఇక సంచీలోని యూరియా సంగతి. గొల్లపల్లి, కోరుట్ల ఉన్న జగిత్యాల జిల్లా, పెద్దపల్లి జిల్లా 2016 దాకా ఒకే కరీంనగర్ జిల్లా. ఆ పెద్దపల్లి జిల్లాలోని రామగుండంలో 1980లో మొదలైన పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. దాని స్థానంలో వచ్చిన ఆర్ఎఫ్‌సీఎల్ 2021 మార్చిలో ఉత్పత్తి మొదలుపెట్టింది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల వేపపూత యూరియా తీసే సామర్థ్యం దానిది. 45 కిలోల బస్తా ధర దాదాపు 267 రూపాయలు, అంటే కిలో ఆరు రూపాయలు. ఇంత చవకైన నత్రజని చేతికందేచోట, పాలలో నీళ్ళు కలిపి ఎస్ఎన్ఎఫ్ తగ్గకుండా చిటికెడు యూరియా వేస్తే ఎవరికి తెలుస్తుందన్న ఆశ పుట్టడంలో వింత లేదు. యూరియాకు వేపపూత తప్పనిసరి చేసిన 2015లో ఎరువు ఇలా పాలలోకి దారి మళ్ళడం గురించి కూడా మాట్లాడారు.

అయితే ఆ కల్తీ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడాలి. బర్రె పాలకు ఉండాల్సిన ఎస్ఎన్ఎఫ్ 9 శాతం, అంటే లీటరుకు దాదాపు 90 గ్రాములు. పది శాతం నీళ్ళు కలిపితే 9 గ్రాములు తగ్గుతాయి. ఆ లోటు మొత్తం యూరియాతోనే పూడ్చాలంటే లీటరుకు 9 గ్రాములు వెయ్యాలి. ఖర్చు ఐదు పైసలు. పాల సాంద్రత చూసే లాక్టోమీటరును మోసం చెయ్యాలన్నా అంతే, ఇంకాస్త ఎక్కువే పడుతుంది. లీటరుకు 9 గ్రాములంటే 9,000 పీపీఎం, చట్టం పెట్టిన పరిమితికి పన్నెండు రెట్ల పైమాటే. తిరగేసి చూస్తే, పరిమితి దాటకుండా కల్తీ చేద్దామనుకున్నవాడు సహజంగా ఉన్న 300 మీద 400 పీపీఎం మాత్రమే చేర్చగలడు. దానితో దాగే నీళ్ళు అర శాతం కూడా ఉండవు. లీటరుకు పట్టుమని ఐదు మిల్లీలీటర్ల నీళ్ళ కోసం ఎవడూ అంత కష్టపడడు. కాబట్టి యూరియా వేసేవాడు వేలల్లో వేస్తాడు, సహజ యూరియా వందల్లో ఉంటుంది. ఈ రెంటికీ మధ్య దూరం చాలా ఉంది. మొరటు పరీక్షకైనా అది దొరుకుతుంది.

దొరకని సందర్భం ఒకటుంది. ఇరవై మంది పాలు సమానంగా ఒకే బల్క్ కూలర్‌లో కలిశాయనుకుందాం. వాళ్ళలో ఒక్కడు 9,000 పీపీఎం వేశాడు. మొత్తం మీద పెరిగేది 450. సహజంగా ఉన్న 300తో కలిపి 750, గీత దాటీ దాటనట్టు. ఆ దశలో చూస్తే నికార్సయిన కొలత లేనిదే ఏమీ చెప్పలేం, చెప్పినా ఇరవై మందిలో తప్పెవరిదో తేలదు. పరీక్ష జరగాల్సింది కూలర్ దగ్గర కాదు, అంతకు ముందు పోసేవాడి క్యాను దగ్గర. ఇది రసాయనశాస్త్రం తేల్చే విషయం కూడా కాదు, సేకరణ పద్ధతిని బట్టి తేలేది.

కల్తీ ఎంతుందన్న విషయంలో భయానికి, లెక్కకు పొంతన కుదరదు. 2018లో ఎఫ్ఎస్ఎస్ఏఐ దేశమంతటా 1,103 ఊళ్ళూ నగరాల నుంచి 6,432 నమూనాలు తీయించి, ఫలితాలను 2019 అక్టోబరులో బయటపెట్టింది. కల్తీ తేలినవి 12. వాటిలో యూరియా కలిసినవి రెండే రెండు. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆరింట్లో, డిటర్జెంటు మూడింట్లో, పాలు పులవకుండా వేసే సోడా జాతి పదార్థం ఒకదాంట్లో దొరికాయి. కల్తీ నమూనాలు ఎక్కువగా దొరికిన రాష్ట్రాల్లో తెలంగాణ పేరే ముందుంది, ఆ మాట దాచాల్సిన పని లేదు. అదే సర్వేలో 368 నమూనాల్లో అఫ్లాటాక్సిన్ ఎం1 అనే బూజు విషం పరిమితికి మించి కనిపించింది. అది పశువు తిన్న దాణా నుంచి వచ్చేది. పత్రికల్లో శీర్షికలు పెట్టింది యూరియాకు, ఎక్కువ నమూనాల్లో దొరికింది బూజు. పాల కల్తీ వల్ల దేశ జనాభాలో 87 శాతానికి క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించినట్టు ఏళ్ళ తరబడి ఫోన్లలో తిరిగిన కబురు శుద్ధ అబద్ధం. అలాంటి సలహా ఏదీ ఆ సంస్థ ఇవ్వలేదని కేంద్ర ప్రభుత్వమే ప్రకటించాల్సి వచ్చింది.

ఇప్పుడు వాడుకలో ఉన్న పరీక్షల్లో పాతది డీఎంఏబీ అనే రసాయనం వేసి పసుపు రంగు చూడటం. యూరియా ఎక్కువైతే పసుపు చిక్కబడుతుంది. మంచి పాలు కూడా లేత పసుపు చూపిస్తాయి గనుక చూసే కంటిని బట్టి తీర్పు మారుతుంది. పెద్ద డెయిరీల్లో పరారుణ కిరణాలతో చూసే యంత్రాలున్నాయి. వెన్న, మాంసకృత్తులు, లాక్టోజుతో పాటు యూరియానూ ఒక్క ఊపులో చెప్పేస్తాయి. వాటి ధర ఊరి పాల కేంద్రం మోసేది కాదు.

వీటన్నిటిలో నాకు నచ్చేది ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇళ్ళలో చేసుకోమని చెప్పిన కందిపొడి పరీక్ష. చెంచాడు పాలలో అర చెంచా సోయా పొడో కందిపొడో వేసి బాగా కలిపి, ఐదు నిమిషాలాగి ఎర్ర లిట్మస్ కాగితం అరనిమిషం ముంచాలి. కాగితం నీలమైతే యూరియా కలిసినట్టు. కందిలోనూ సోయాలోనూ యూరియేజ్ సహజంగా ఉంటుంది. అది యూరియాను విరిచి అమోనియా పుట్టిస్తుంది, అమోనియా లిట్మస్‌ను నీలం చేస్తుంది. పుస్తకాల్లో బయోసెన్సర్ అనిపించుకునేదానికి కావలసిన రెండు భాగాలూ, గుర్తుపట్టే ఎంజైమూ, ఆ గుర్తింపును కంటికి చూపే సాధనమూ, ఈ వంటింటి పరీక్షలో ఉన్నాయి. ఒక జాగ్రత్త: పప్పు వేయించింది కాకూడదు, వేడికి ఎంజైము పోతుంది. ఒక లోటు: ఎంత అన్నది చెప్పదు.

యూరియేజ్ చరిత్ర చిన్నదేమీ కాదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ సమ్నర్ 1926లో జాక్‌బీన్ గింజల నుంచి దీన్ని స్ఫటికాలుగా తీశాడు. మన పెరళ్ళలో పాకే తమ్మకాయకు ఆ జాక్‌బీన్ దగ్గరి చుట్టం. ఎంజైమంటే మాంసకృత్తేనని మొదట చూపింది ఆ స్ఫటికాలే. చాలామంది పెద్దలు ఒప్పుకోలేదు, నోబెల్ బహుమతి 1946లో గాని రాలేదు. పదిహేడేళ్ళప్పుడు వేటలో ప్రమాదం జరిగి ఎడమ చెయ్యి పోగొట్టుకున్న మనిషి, అదీ ఎడమచేతి వాటం మనిషి, ఒంటి చేత్తో చేసిన పని అది. యూరియేజ్ నడుమ నికెల్ పరమాణువులున్నాయని 1975లో తేలింది. నికెల్‌తో పనిచేసే ఎంజైము ఉందని లోకానికి తెలియడం అదే మొదలు. దాని సత్తా ఏమంటే, మామూలుగా నీళ్ళలో ఏళ్ళ తరబడి చెక్కుచెదరని యూరియాను క్షణంలో విరిచేస్తుంది. ఒక్కో యూరియా అణువు నుంచి రెండు అమోనియాలు, ఒక కార్బన్ డయాక్సైడ్ వస్తాయి.

ఎంజైమును ఎలక్ట్రోడుతో జత చెయ్యాలన్న ఆలోచన 1962లో లీలండ్ క్లార్క్‌ది, చక్కెర కోసం. ఇవాళ ఇంటింటా ఉన్న గ్లూకోమీటర్‌కు మూలం అదే. జార్జ్ గిల్‌బాల్ట్, జోసెఫ్ మోంటాల్వో 1969లో యూరియేజ్‌ను పాలీఎక్రిలమైడ్ జిగురులో బంధించి, అమోనియం అయాన్లను పసిగట్టే ఎలక్ట్రోడు మీద కప్పి యూరియా ఎలక్ట్రోడు చేశారు. చక్కెర సెన్సర్ కోట్లలో అమ్ముడైంది. యూరియా సెన్సర్ ప్రయోగశాల గడప దాటడానికే కష్టపడింది. ఈ తేడాకు కారణం చాలావరకు పాల స్వభావంలోనే ఉంది.

అమోనియం అయాన్ కొలిచే దారినే తీసుకోండి. ఆ ఎలక్ట్రోడు పొరల్లో వాడే నోనాక్టిన్ అనే పదార్థం అమోనియాన్ని పొటాషియం కంటే దాదాపు పది రెట్లు ఇష్టపడుతుంది. వినడానికి బాగుంది. కానీ పాలలో పొటాషియం లీటరుకు ఒకటిన్నర గ్రాము, అంటే 38 మిల్లీమోల్. అందులో పదో వంతు చొప్పున చూసినా ఆ పొటాషియం 4 మిల్లీమోల్ అమోనియంలా కనిపిస్తుంది. సహజ యూరియా 300 పీపీఎం అంటే 5 మిల్లీమోల్, అది పూర్తిగా విరిగితే వచ్చే అమోనియం 10. చూడాల్సిన పదికి చూడకూడని నాలుగు కలిసిపోతాయి. పాలను నీళ్ళతో పలచన చేసినా ఈ నిష్పత్తి మారదు. ఎంజైము లేని జంట ఎలక్ట్రోడు పక్కన పెట్టి తేడా చూడటం ఒక్కటే ఉపాయం. ఆ జంట ఉంటే ఇంకో మేలూ ఉంది. అమోనియం సల్ఫేట్ లాంటి ఎరువు కలిపినా, పాలు పాడై అమోనియా పుట్టినా, అది యూరియా లెక్కలో పడదు.

పీహెచ్ కొలిచే దారిలో చిక్కు వేరు. అమోనియా పుడితే పీహెచ్ పెరగాలి. పాలలోని కేసీను, ఫాస్ఫేట్లు, సిట్రేట్లు ఆ మార్పును అడ్డుకుంటాయి, అదీ ఒక్కో పాలలో ఒక్కో మోతాదులో. విద్యుత్ వాహకత కొలుద్దామంటే పాలకు సొంతంగానే అది బోలెడు, పొదుగువాపు వచ్చిన పశువు పాలలో ఇంకా ఎక్కువ. యూరియా విరిగినప్పుడు పుట్టే వేడిని కొలిచే ఎంజైము థర్మిస్టర్ అనే పద్ధతి స్వీడన్‌లోని లుండ్‌లో 1970లలో పుట్టింది. పాల రంగుతో, అయాన్లతో దానికి నిమిత్తం లేదు. కాని డిగ్రీలో అతి చిన్న వంతును పట్టాలి గనుక బయటి గాలి తగలని పెట్టె కావాలి. నాకు అన్నిటికంటే తెలివైనదిగా తోచింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో జెన్‌కిన్స్, డెల్విష్ 2002లో ప్రచురించిన పద్ధతి. వాళ్ళు అమోనియా జోలికే పోలేదు. పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను మూసిన గదిలో వాయువుగా బయటికి రప్పించి దాని పీడనం కొలిచారు. పొటాషియం ఎంత ఉన్నా పీడనం మారదు. పాలు పితికే మిషన్ దగ్గరే పశువు పశువుకూ కొలవాలన్నది వాళ్ళ ఉద్దేశం. గమనించండి, వాళ్ళు వెతికింది కల్తీ కోసం కాదు, మేత కోసం.

మరో ఇబ్బంది ఎంజైముదే. జాక్‌బీన్ యూరియేజ్ 3 మిల్లీమోల్ యూరియా దగ్గరే సగం వేగం అందుకుంటుంది. పాలలో ఉన్నది దాదాపు 5. అంటే యూరియా రెట్టింపైనా సెన్సర్ సంకేతం రెట్టింపు కాదు, పైకి పోయేకొద్దీ గీత వాలిపోతుంది. పాలను బఫర్ ద్రావణంలో పదిరెట్లు పలచన చేస్తే ఈ తిప్పలు తీరుతాయి. ఆ పలచన రోజూ కచ్చితంగా చెయ్యాల్సింది ఎవరన్నది వేరే ప్రశ్న. దానికి తోడు ఎలక్ట్రోడు సంకేతం లాగరిథం ప్రకారం నడుస్తుంది. 25 డిగ్రీల దగ్గర గాఢత పదింతలైతే 59 మిల్లీవోల్టుల మార్పు వస్తుంది. గాఢతలో పది శాతం తేడా అంటే రెండున్నర మిల్లీవోల్టులు మాత్రమే. ఉష్ణోగ్రత 45కు పోతే ఆ 59 కాస్తా 63 అవుతుంది. జగిత్యాల వైపు మే నెల ఎండ ఎరిగినవాళ్ళకు దీని సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

మన దేశంలో ఈ పని తక్కువేం జరగలేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో అరవింద్ కాయస్థ బృందం కంది గింజల యూరియేజ్‌ను శుద్ధి చేసి, రకరకాల ఆధారాల మీద నిలిపి, యూరియా కొలతకు వాడి చూపింది. దిగుమతి ఎంజైము కొనాల్సిన అగత్యం లేదన్నది దాని సారం. కంది మన పొలాల్లోనే పండే పంట, ఇక్కడి ప్రయోగశాలలు ఆ పని అందుకోకపోవడం నాకు అర్థం కాదు. పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయంలో నీలమ్ వర్మ, మిన్నీ సింగ్ 2003లో ఎంజైమును వేరు చేసే ఖర్చు కూడా మానేసి, యూరియేజ్ ఉన్న బాసిల్లస్ బాక్టీరియా కణాలనే నేరుగా వాడి పాలలో యూరియా కొలిచే వాడిపారేసే సెన్సర్ చేశారు. 2005లో రెన్నీ, డేనియల్ తదితరులు బల్గేరియా శాస్త్రవేత్త క్రస్తనోవ్‌తో కలిసి అమోనియం ఎలక్ట్రోడు మీద పాలిమర్ జాలిలో యూరియేజ్‌ను బంధించారు. గోవాలోని బిట్స్ ప్రాంగణంలో సునీల్ భండ్ బృందం 2010లో ఎంజైము థర్మిస్టర్‌తో కల్తీ పాలను పరీక్షించింది.

ఎంజైము లేని దారులూ ఉన్నాయి. సంగారెడ్డి జిల్లా కంది గ్రామంలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో శివగోవింద్ సింగ్ బృందం 2018లో సన్నని నైలాన్ పోగుల కాగితానికి మూడు రంగులు ఎక్కించి, పాలలో ముంచి, ఫోను కెమెరాతో ఫొటో తీసి పీహెచ్ తేల్చింది. 99.71 శాతం కచ్చితంగా వర్గీకరించిందని ప్రకటించారు. మంచి పనే. కాని యూరియా ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. పీహెచ్ చూసే కాగితానికి అది నేరుగా కనపడదు. దాని ముందు ఒక యూరియేజ్ పొర ఉంటే కనపడుతుంది. ఐఐటీ మద్రాసులో పల్లబ్ సిన్హా మహాపాత్ర బృందం 2023లో చూపిన కాగితపు పరికరం ఒక మిల్లీలీటరు పాలతో ముప్పై సెకన్లలో యూరియాతో సహా పలు కల్తీలు చెబుతుంది. పిలానీలోని సీఎస్ఐఆర్-సీరీ 'క్షీర్ స్కానర్' కల్తీని పట్టే ఎలక్ట్రానిక్ పెట్టె.

ఈ పత్రాలు వరసగా చదివితే ఒక విచిత్రం కనిపిస్తుంది. గ్రాఫీన్, బంగారు నానో కణాలు, జింక్ ఆక్సైడ్ తీగలు అంటూ ఒక్కొక్కరూ తమ సెన్సర్ ఎంత తక్కువ యూరియానైనా పట్టగలదని పోటీ పడుతుంటారు. మైక్రోమోల్ దాకా పోతారు. పాలలో యూరియా ఎన్నడూ అంత తక్కువ ఉండదు. కావలసింది 3 నుంచి 12 మిల్లీమోల్ మధ్య, 200 పీపీఎం నుంచి 700 దాకా, పది శాతం లోపు తప్పుతో చెప్పగలగడం. రెండో విచిత్రం, చాలా పరీక్షలు శుభ్రమైన బఫర్‌లోనో, కొనుక్కొచ్చిన ప్యాకెట్ పాలలో తెలిసిన యూరియా కలిపో జరుగుతాయి. నూరు మంది రైతుల నూరు రకాల పాలతో జరిగేవి అరుదు. దేశం నానో పదార్థాల కొరతతో లేదు, ఇలాంటి పరీక్షల కొరతతో ఉంది.

పాల కేంద్రంలో ఇంకో రకం అడ్డంకులుంటాయి. కల్తీదారు పాలు నిలవుండేందుకు హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వేస్తే, ఆ పెరాక్సైడ్ ఎంజైములోని గంధకపు గుంపులను ఆక్సీకరించి దాన్ని మందకొడి చేయగలదు. అంటే రెండు కల్తీలు చేసినవాడు ఒకటి చేసినవాడికంటే తేలిగ్గా తప్పించుకోవచ్చు. రాగి, వెండి, పాదరసం లాంటి లోహాల జాడలూ ఎంజైమును చంపుతాయి. పెరుగు తోడులో ఉండే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ అనే బాక్టీరియాకు సొంత యూరియేజ్ ఉంది కనుక పులిసిపోతున్న పాలలో యూరియా తనంతట తనే తగ్గుతుంది. కొవ్వు, కేసీను ఎలక్ట్రోడు మీద పొరలా కడతాయి. రోజుకు రెండు పూటల వందేసి నమూనాలకు దాన్ని కడుగుతూ పోతే ఎంజైము ఎన్నాళ్ళుంటుంది? అందుకే గ్లూకోమీటర్ బాటలోనే పోవాలి: యంత్రం శాశ్వతం, ఎంజైము ఉన్న పట్టీ ఒక్కసారికే, పొడి గాలితో మూసిన డబ్బాలో. ఎండిన యూరియేజ్ తడి యూరియేజ్ కంటే చాలా ఓర్పు గలది.

ఎంజైము పద్ధతిని ప్రయోగశాలలు నమ్ముతాయా అన్న సందేహం అక్కర్లేదు. పాలలో యూరియా కొలతకు అంతర్జాతీయ ప్రామాణిక పద్ధతి, 2004 నాటి ఐఎస్ఓ 14637, యూరియేజ్ మీదే నడుస్తుంది. ఎంజైము కలిపాక పీహెచ్‌లో వచ్చే తేడా దానికి ఆధారం. మిగతా యంత్రాలకు గురి కుదిర్చేది దానితోనే.

ఇప్పుడు మేత సంగతి. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద జగిత్యాల ప్రాంతమంతా వరి. వరి ఉన్నచోట వరిగడ్డి ఉంటుంది, బర్రె తినేది అదే. వరిగడ్డిలో మాంసకృత్తులు అంతంత మాత్రం. అందుకే 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా నీళ్ళలో కరిగించి చల్లి, మూడు వారాలు గాలి చొరకుండా కప్పి పెట్టి తినిపించమని పశువైద్యులు చెబుతారు. అక్కడా జరిగేది అదే చర్య: గడ్డి మీది సూక్ష్మజీవుల యూరియేజ్ యూరియాను అమోనియాగా విరుస్తుంది, అమోనియా గడ్డిని మెత్తబరుస్తుంది. యూరియా-బెల్లపు మడ్డి ఇటుకలూ ఇంతే. ఇవి సక్రమంగా వాడిన రైతు పాలలో యూరియా కాస్త పెరగడం సహజం. అవునా కాదా అనే పట్టీ పరీక్ష అలాంటివాణ్ణి దొంగల వరసలో నిలబెట్టే ప్రమాదం ఉంది. అంకె చెప్పే సెన్సర్ కాపాడుతుంది.

దాని అసలు లాభం ఇంకా ముందుంది. పత్తి చెక్కో, పచ్చి పప్పుజాతి గడ్డో ఎక్కువై, దానికి తగ్గ జొన్న, మక్క, తవుడు లాంటి శక్తినిచ్చే మేత తక్కువైతే పొట్టలో అమోనియా మిగిలిపోతుంది, పాలలో యూరియా పెరుగుతుంది. రైతు డబ్బుపెట్టి కొన్న మాంసకృత్తు మూత్రంలో పోతోందన్నమాట. మిగిలిన అమోనియాను యూరియాగా మార్చడానికి కాలేయం ఖర్చుపెట్టే శక్తీ పాలలోంచే తగ్గుతుంది. మేతలో మాంసకృత్తు తక్కువైతే ఆ అంకె పడిపోతుంది. సమ్నర్ పనిచేసిన అదే కార్నెల్‌లో బట్లర్ బృందం 1996లో మరో సంగతి చూపింది. పాలలో యూరియా నత్రజని 100 మిల్లీలీటర్లకు 19 మిల్లీగ్రాములు దాటిన ఆవుల్లో చూలు కట్టడం తగ్గింది. యూరియాగా మారిస్తే అది లీటరుకు 400 మిల్లీగ్రాముల చిల్లర. చట్టం గీత 700 దగ్గర, పశువు గీత 400 దగ్గర. కల్తీ కోసం చేసిన పట్టీ ఈ రెండో గీతను చూడనే చూడదు. ఎద ఎన్నిసార్లు వృథా అయిందో, ఎన్ని సూదులు వేయించామో లెక్క పెట్టుకునే ఇంటికి ఆ రెండో గీతే ముఖ్యం.

ఇందులో ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ అంకె హోల్‌స్టీన్ ఆవులది. మన ముర్రా సంకర బర్రెల అంకె వేరే ఉండొచ్చు. యూరియా పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది, దాణా పెట్టిన కొన్ని గంటలకు పైకి లేస్తుంది. ఒక్క కొలత చూసి మేత మార్చకూడదు. వారం రోజుల సగటు చూడాలి.

అందుకే తొలి పని సెన్సర్ కొనడమో, కొత్త నానో పదార్థం కనిపెట్టడమో కాదు. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది. రెండూ పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందివే. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. పాలు సేకరించడానికి కరీంనగర్ డెయిరీ ఉంది, విజయ డెయిరీ ఉంది. వీళ్ళు కలిసి గొల్లపల్లి, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఊళ్ళ బర్రెల పాలను ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడింటా తీసి, పశువు తిన్న మేతతో సహా రాసి, ప్రామాణిక పద్ధతిలో యూరియా కొలిచి ఒక పట్టిక చెయ్యాలి. ఏ మేతకు ఎంత, ఏ ఈతలో ఎంత, ఎంత దాటితే చూలు నిలవడం లేదు. ఆ పట్టిక లేకుండా ఎంత మంచి సెన్సర్ చేతికిచ్చినా అది చూపే అంకెకు ఇక్కడ అర్థం ఉండదు. పట్టిక చేతికొచ్చాక కంది యూరియేజ్‌తో ఒక్కసారి వాడే పట్టీ చెయ్యడం ఏ మంచి ఎంటెక్ విద్యార్థికైనా అందే పని. డెయిరీలను అడగాల్సింది ఒక్కటే: ఆ అంకెను మొదటి ఏడాది ధరకు ముడిపెట్టొద్దు, రైతుకు చెప్పి ఊరుకోండి.